వియత్నాంలో ఒక బడి ఏడాది, మన దగ్గర ఒక బడి ఏడాది

వివిధ దేశాల పదిహేనేళ్ల పిల్లలు 2012లో రాసిన పీసా పరీక్ష ఫలితాలు 2013 డిసెంబరులో వచ్చినప్పుడు పైవరసలో ఉన్న పేర్లు ఎవరినీ ఆశ్చర్యపరచలేదు. షాంఘై, సింగపూర్, హాంకాంగ్. అందరూ ఆగి చూసింది పదిహేడో వరసని. లెక్కల్లో 511 పాయింట్లతో అక్కడ వియత్నాం ఉంది. జర్మనీ కంటే మూడే పాయింట్లు తక్కువ. బ్రిటన్‌కి వచ్చినవి 494, అమెరికాకి 481. సైన్సులో అయితే వియత్నాంది ఎనిమిదో స్థానం. పాల్గొన్న 65 దేశాలు, ప్రాంతాల్లో బాగా పేదవాటిలో అదొకటి. పైగా ఈ పరీక్షకి కూర్చోవడం దానికి అదే మొదటిసారి.

అంతకు రెండేళ్ల ముందు, 2011 డిసెంబరులో, మన దేశం కూడా తన ఫలితం చూసుకుంది. తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ 2009 విడత కింద దేశం తరఫున పరీక్ష రాశాయి. రెండూ చదువుల్లో ముందున్నాయని పేరున్న రాష్ట్రాలే. 74 పేర్లున్న జాబితాలో లెక్కల్లోనూ, చదివి అర్థం చేసుకోవడంలోనూ వాటికి 72, 73 స్థానాలు దక్కాయి. కింద మిగిలింది కిర్గిజిస్తాన్ ఒక్కటే. లెక్కల్లో తమిళనాడుకి 351, హిమాచల్‌కి 338. ప్రశ్నలు మన పిల్లల జీవితంతో సంబంధం లేనివని అప్పట్లో అధికారులు చెప్పారు. తర్వాత విడతల్లో దేశం పాల్గొనలేదు. 2021లో చండీగఢ్ బడులతో, కేంద్రీయ, నవోదయ విద్యాలయాలతో మళ్లీ రాయిద్దామనుకున్నారు. కోవిడ్ వచ్చి ఆ పరీక్ష 2022కి వాయిదా పడింది. అందులోనూ మన దేశం లేదు.

ప్రశ్నలు పరాయివన్న వాదనలో కొంత నిజం ఉండొచ్చు. కానీ అదే బాపతు ప్రశ్నలకి వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో వరి పండించే ఇళ్ల పిల్లలు జవాబులు ఎలా రాశారన్నదానికి ఆ వాదనలో సమాధానం లేదు.

దేశాల చదువుల్ని పోల్చే వ్యవహారమంతా ఇలా ర్యాంకుల చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. తెలుగువాళ్లకి ఇంతకంటే పనికొచ్చే పోలిక ఒకటుంది. అందులో ఒకవైపు వియత్నాం పిల్లలుంటే రెండోవైపు శ్రీకాకుళం, కడప, మహబూబ్‌నగర్ పిల్లలే ఉన్నారు. దాని గురించి మన పత్రికల్లో చర్చ పెద్దగా జరగలేదు. అక్కడికి వెళ్లేముందు ర్యాంకులు ఎలా తయారవుతాయో చూడాలి. వాటిని ఎంతవరకు నమ్మొచ్చో తెలియకపోతే మిగతా వాదన నిలబడదు.

ర్యాంకు ఎలా తయారవుతుంది

పీసాని నడిపేది ఓఈసీడీ, ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి. 2000లో మొదలుపెట్టింది. పదిహేనేళ్ల పిల్లలకి చదివి అర్థం చేసుకోవడంలో, లెక్కల్లో, సైన్సులో పరీక్ష పెడతారు. ఏ తరగతి అన్నది కాదు, వయసే లెక్క. దేశానికి కనీసం 150 బడులు, బడికి నలభై మంది దాకా నమూనాగా తీసుకుంటారు. ప్రశ్నల గుట్టలోంచి ఒక్కొక్కరికి కొన్నే ఇస్తారు కాబట్టి ఏ పిల్లాడికీ విడిగా మార్కులు రావు. అన్నీ కలిపి దేశానికి ఒక అంచనా కడతారు. సభ్యదేశాల సగటు 500 అయ్యేలా మొదట్లో స్కేలు పెట్టుకున్నారు. 2022 లెక్కల్లో ఆ సగటు 472కి దిగింది. సింగపూర్ 575తో మొదట నిలిచింది, కంబోడియా 336తో చివరన ఉంది.

ఎన్ని పాయింట్లయితే ఒక ఏడాది చదువుతో సమానం? 2012 నివేదికలో లెక్కలకి సుమారు 41 అన్నారు. 2022కి వచ్చేసరికి 20 అంటున్నారు. పదేళ్లలో కొలబద్ద మీది గీతల అర్థమే సగానికి సగం మారింది. రెండు మూడు పాయింట్ల తేడాకి ఒక దేశం ఎదిగిందని, ఇంకో దేశం పడిపోయిందని శీర్షికలు పెట్టే వాళ్లు దీన్ని పట్టించుకున్నట్టు కనపడదు. అంచనా కాబట్టి ప్రతి అంకెకీ అటూ ఇటూ కొంత సందు ఉంటుంది. జాబితా మధ్యలో పక్కపక్కనే ఉన్న అయిదారు దేశాల్ని నిజానికి వేరు చేసి చెప్పలేం.

పీసా ఒక్కటే కాదు. టిమ్స్ అని 1995 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే పరీక్ష ఉంది. అది నాలుగో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు, సైన్సులో పెడతారు. పిర్ల్స్ అని 2001 నుంచి అయిదేళ్లకోసారి జరిగేది నాలుగో తరగతి పిల్లల చదివే శక్తిని చూస్తుంది. ఇవి బడిలో చెప్పే పాఠాలకి దగ్గరగా ఉంటాయి. పీసా మాత్రం నేర్చుకున్నది కొత్త సందర్భంలో వాడగలరా అని అడుగుతుంది. అందుకే ఒకే దేశం ఒకదాంట్లో పైనా, ఇంకోదాంట్లో మధ్యలోనూ కనపడుతుంది. రష్యా పిల్లలు పిర్ల్స్‌లో ముందువరస, పీసాలో మధ్యవరస. ఏది నిజం అంటే రెండూ నిజమే. అడిగిన ప్రశ్నలు వేరు.

ఫ్లెక్సీ మీద లేనివాళ్లు

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఫలితాలొచ్చిన మర్నాడు కూడళ్లలో లేచే ఫ్లెక్సీల మీద ర్యాంకర్ల ఫొటోలు వరసగా ఉంటాయి. టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని గొంతు చించుకుంటారు. మొత్తం ఎంతమంది రాశారు, మధ్యలో ఎంతమంది మానేశారు అన్నది ఆ ఫ్లెక్సీ మీద ఉండదు. పీసా జాబితాకీ ఈ ఇబ్బంది ఉంది. కాకపోతే నివేదిక లోపలి పేజీల్లో ఆ లెక్క నిజాయితీగానే ఇస్తారు. చదివేవాళ్లే తక్కువ.

పీసా బడిలో ఉన్న పిల్లల్నే చూస్తుంది. పదిహేనేళ్లకి బడి మానేసిన పిల్లలు అందులో లేరు. 2012లో వియత్నాం పదిహేనేళ్ల పిల్లల్లో పరీక్ష పరిధిలోకి వచ్చింది సుమారు 56 శాతమే. మిగతావాళ్లు అప్పటికే పొలంలోనో, ఫ్యాక్టరీలోనో ఉన్నారు, లేదా చదువులో బాగా వెనకబడి కింది తరగతుల్లో ఆగిపోయారు. షాంఘై విషయంలోనూ ఇదే గొడవ నడిచింది. పల్లెల నుంచి వలసొచ్చిన వాళ్ల పిల్లలకి అక్కడి హుకో పద్ధతి వల్ల (సొంత ఊళ్లో నమోదును బట్టే సౌకర్యాలిచ్చే పద్ధతి) నగరంలో పైతరగతులు చదవడం కష్టం. కాబట్టి లెక్కల్లో వచ్చిన 613 పాయింట్లు ఏ పిల్లలవి అని అడిగారు. ధనిక దేశాలకి ఈ బాధ లేదనుకోవద్దు. 2022లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటివి నమూనా ప్రమాణాలు కొన్నింటిని అందుకోలేదు. వాటి పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టి మరీ అంకెలు ప్రచురించారు.

అయితే వియత్నాం విజయం అంతా ఈ లెక్కల గారడీయేనా? కాదని చెప్పడానికి గట్టి ఆధారం ఒకటుంది. 2019లో ఆగ్నేయాసియాలో ఆరు దేశాలు కలిసి అయిదో తరగతి పిల్లలకి ఒకే పరీక్ష పెట్టాయి. అయిదో తరగతిలో బడి మానేసినవాళ్లు వియత్నాంలో బాగా తక్కువ, కాబట్టి జల్లెడ పట్టిన పిల్లలు అనడానికి లేదు. ప్రాథమిక స్థాయి ముగిసేసరికి రావాల్సినంత చదివే శక్తి వియత్నాంలో 82 శాతం పిల్లలకి ఉంది. మలేసియాలో అది 58 శాతం. ఫిలిప్పీన్స్‌లో 10, లావోస్‌లో 2. ఆ రెండో అంకె అచ్చుతప్పు కాదు, నిజంగానే రెండు శాతం.

పరీక్షని పిల్లలు ఎంత పట్టించుకుంటారన్నది ఇంకో చిక్కు. కొందరు ఆర్థికవేత్తలు షాంఘైలోనూ, అమెరికాలోనూ హైస్కూలు పిల్లలకి పీసా లెక్కల ప్రశ్నలే ఇచ్చి చూశారు. కొందరికి పరీక్షకి ముందే కవరులో 25 డాలర్లు పెట్టి, తప్పిన ఒక్కో ప్రశ్నకీ ఒక డాలరు వెనక్కి తీసుకుంటామన్నారు. అమెరికా పిల్లల మార్కులు అప్పటికప్పుడు పెరిగాయి. షాంఘై పిల్లల మార్కులు దాదాపు కదల్లేదు. డబ్బిచ్చినా ఇవ్వకపోయినా వాళ్లు అప్పటికే శక్తికొద్దీ రాస్తున్నారన్నమాట. మార్కుల్లో లేని పరీక్షకి కూడా ప్రాణం పెట్టి రాయడం చదువు నాణ్యతా, క్రమశిక్షణా, భయమా అన్నది ర్యాంకు చూసి చెప్పలేం.

మార్కులు బడి వల్లే వచ్చాయా అన్నది మరో ప్రశ్న. దక్షిణ కొరియాలో సాయంత్రం బడి వదలగానే పిల్లలు హాగ్వోన్ అనే ప్రైవేటు కోచింగ్ సెంటర్లకి పోతారు. సియోల్ నగరంలో రాత్రి పది దాటాక అవి నడవకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. చైనా 2021లో ఒక్క దెబ్బతో బడి పాఠాల ట్యూషన్ వ్యాపారాన్ని లాభం కోసం నడపకూడదని కట్టడి చేసింది. వియత్నాంలోనూ ఎక్స్‌ట్రా క్లాసుల పిచ్చి తక్కువేం కాదు. తమ తరగతి పిల్లల దగ్గరే టీచర్లు డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పడాన్ని అక్కడి విద్యాశాఖ 2025 ఫిబ్రవరి నుంచి కఠినంగా కట్టడి చేసింది. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే ఇంటర్ కాలేజీలు చూసినవాళ్లకి ఇవేవీ కొత్త సంగతులు కావు.

ఒకప్పుడు పీసాలో పైవరసలో ఉన్న ఫిన్లాండ్ కథ ఇక్కడ త్వరగా ముగించొచ్చు. ఏడేళ్లకి ఒకటో తరగతి, టీచరు కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, ఇన్‌స్పెక్టర్లు లేరు, పరీక్షల గోల లేదు. ఇదంతా విని ప్రపంచమంతా అక్కడికి బృందాల్ని పంపింది. ఫిన్లాండ్ పద్ధతి అని చెప్పుకునే ప్రీస్కూళ్లు మన దేశంలోనూ వచ్చాయి. 2006లో లెక్కల్లో 548 ఉన్న ఫిన్లాండ్ 2022లో 484కి వచ్చింది. బృందాలు వెళ్లి నోట్సు రాసుకుంటున్న కాలమంతా అక్కడ అంకెలు దిగుతూనే ఉన్నాయి. పైన ఉన్నప్పుడు కారణమని చెప్పినవన్నీ దిగుతున్నప్పుడూ అక్కడే ఉన్నాయి. అందుకని ఆ పద్ధతి చెడ్డదని కాదు. పైనున్న దేశంలో కనపడ్డ ప్రతిదాన్నీ పైన ఉండటానికి కారణమనుకోవడం తప్పు. ఆ దేశం దగ్గర నిజంగా చూడాల్సింది వేరే: ఏ బడికి వెళ్లినా పిల్లాడికి దాదాపు అదే చదువు దొరుకుతుంది. బడికీ బడికీ తేడా అతి తక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి.

అమెరికా తీరు వేరు. అక్కడ బడి డబ్బులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనే తెలుగు కుటుంబం ముందు స్కూల్ రేటింగ్ చూసి, తర్వాత వంటగది చూడటం అందుకే. 2015 పీసాలో మసాచుసెట్స్ రాష్ట్రం విడిగా పాల్గొంటే లెక్కల్లో 500 వచ్చాయి. దేశం సగటు 470. అమెరికా చదువు ఎలా ఉంటుందన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. ఏ ఊరు, ఏ వీధి అని అడగాలి.

అవే ప్రశ్నలు, రెండు దేశాల పిల్లలు

2002లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం మొదలైంది. నాలుగు దేశాల్లో 12,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి చూడటం దాని పని. ఇథియోపియా, పెరూ, వియత్నాం, నాలుగోది భారత్. భారత్ అంటే ఇక్కడ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్. దేశానికి సుమారు 3,000 మంది: 2001–02 ప్రాంతంలో పుట్టినవాళ్లు రెండు వేలు, 1994–95 ప్రాంతంలో పుట్టినవాళ్లు వెయ్యి.

ఇందులో రెండు సుగుణాలున్నాయి. పరిశోధకులు బడికి కాకుండా ఇంటికి వెళ్లి పిల్లల్ని కలిశారు, కాబట్టి బడి మానేసినవాళ్లూ లెక్కలో ఉన్నారు. ఫ్లెక్సీ సమస్య లేదు. రెండోది, అవే పిల్లల్ని అయిదేళ్లకి, ఎనిమిదేళ్లకి, ఆ తర్వాతా చూశారు. అంటే తేడా ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. పీసాలో పదిహేనేళ్ల దగ్గర తీసిన ఒక్క ఫొటోయే ఉంటుంది. ఒక పరిమితి కూడా చెప్పుకోవాలి. ఎంచుకున్న ప్రాంతాల్లో పేద ఇళ్లకి కొంత మొగ్గు ఉంది, మొత్తం రాష్ట్రానికో దేశానికో అచ్చమైన నమూనా కాదు.

ఈ సమాచారంతో అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధనలో తేలింది ఇది. అయిదేళ్ల వయసులో, అంటే బడి గడప తొక్కేముందు, దేశాల మధ్య కొంత తేడా అప్పటికే ఉంది. అది మరీ పెద్దది కాదు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్యలో, అంటే ఒకటి, రెండు తరగతుల కాలంలో, అది ఒక్కసారిగా పెరిగింది. వియత్నాం పిల్లలు ముందుకు పోయారు. ఇల్లు, తల్లి చదువు, ఆస్తి, ట్యూషను, ఇంట్లో చదివే గంటలు, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ అంతరం మిగిలే ఉంది. దాన్ని ఎక్కువగా వివరించగలిగింది ఒక్కటే: వియత్నాం ప్రాథమిక బడిలో గడిపిన ఒక ఏడాది పిల్లాడికి నేర్పేది మన దగ్గరి ఏడాది నేర్పేదాని కంటే చాలా ఎక్కువ.

పైగా వియత్నాంలో ఒకటో తరగతిలో వేసేది ఆరేళ్లకి. మన దగ్గర అప్పట్లో అయిదేళ్లకే వేసేవాళ్లు, కాన్వెంటు పిల్లలైతే మూడేళ్లకే ఎల్కేజీ అంటూ సంచి తగిలించుకునేవాళ్లు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి బడిలో ఎక్కువ కాలం గడిపింది మన పిల్లలే.

ప్రపంచ బ్యాంకు 2018లో వేరే దారిలో ఇదే మాట చెప్పింది. భారత్‌లో పుట్టిన బిడ్డ సగటున 10.2 ఏళ్లు బడికి పోతుందని అంచనా. నేర్చుకున్నదాన్ని బట్టి తూస్తే అది 5.8 ఏళ్లకి సమానం. ఆ తూకానికి వాడింది రెండు రాష్ట్రాల పాత పీసా ఫలితాలని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అభ్యంతరం న్యాయమైనదే. కొత్త ఫలితాలు లేకపోవడానికి కారణం పరీక్ష రాయకపోవడమే అన్నది కూడా అంతే నిజం.

ఆ ఏడాదిలో ఏం జరుగుతుంది

వియత్నాం ఏం చేసిందన్నదానికి ఒక్క మంత్రం దొరకదు. చిన్న చిన్న పనులు చాలా కనపడతాయి. ప్రభుత్వ ఖర్చులో కనీసం 20 శాతం విద్యకి ఇవ్వాలని అక్కడి చట్టంలోనే రాసుకున్నారు. కొండల్లో ఉన్న ఊళ్లకి పెద్ద బడికి అనుబంధంగా చిన్న బడులు పెట్టారు. 2003 నుంచి ప్రతి ప్రాథమిక బడికీ కనీస ప్రమాణాల జాబితా ఒకటి పెట్టుకుని, వెనకబడ్డ జిల్లాల్లో ముందుగా డబ్బు ఖర్చు పెట్టారు. 2020 దాకా దేశమంతటికీ ఒకటే పాఠ్యపుస్తకం. టీచరు బడికి రావడం అన్నది అక్కడ వార్త కాదు.

మన దగ్గర 2003లో దేశవ్యాప్తంగా ఆకస్మికంగా తనిఖీ చేసిన అధ్యయనంలో ప్రభుత్వ ప్రాథమిక బడుల టీచర్లలో నాలుగోవంతు మంది బడిలో లేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిస్థితీ దాదాపు అదే. ఉన్నవాళ్లందరూ ఆ సమయంలో పాఠం చెబుతూ లేరు, చెబుతూ కనపడినవాళ్లు మొత్తంలో సగం మందే. అప్పటికీ ఇప్పటికీ హాజరు యంత్రాలొచ్చాయి, పరిస్థితి కొంత మారి ఉండొచ్చు. కానీ టీచర్ని ఒక్కరినే దోషిని చేయడం తేలిక. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు, ఎన్నికల డ్యూటీ. ఈ బడిలో "బోధన కాలం" ఎంత మిగులుతుందో ఇలాంటి ఏ బడి మాస్టారిని అడిగినా చెబుతారు.

అంతకంటే లోతైన సమస్య సిలబస్ వేగం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వే ప్రకారం 2024లో గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పేరా చదవగలిగింది 23.4 శాతం. కోవిడ్ తర్వాత బాగా పడి, మళ్లీ లేచి వచ్చిన అంకె ఇది. 2018 కంటే మెరుగు. అయినా నలుగురిలో ముగ్గురు రెండో తరగతి పేరా చదవలేని స్థితిలో మూడో తరగతి పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. జూన్‌లో వాళ్లకి నాలుగో తరగతి పుస్తకం ఇస్తారు. అయిదో తరగతికి వచ్చేసరికి కూడా రెండో తరగతి పేరా చదవగలిగింది, ప్రైవేటు బడుల వాళ్లని కలుపుకున్నా, 48.8 శాతమే. సిలబస్ పూర్తయిందా అని టీచర్ని అడిగే అధికారి ఉంటాడు. ఎంతమందికి వచ్చిందని అడిగే అధికారి ఉండడు. పాఠం ముందుకు పోయేకొద్దీ వెనకబడ్డ పిల్లాడికి ఆ ఏడాది ఏమీ ఇవ్వదు. అలాంటి పిల్లలు ఎక్కువైతే సగటు ఏడాది విలువ పడిపోతుంది. వియత్నాం తరగతి గదులని పరిశీలించినవాళ్లు పదేపదే చెప్పిందీ ఇదే: అక్కడి పాఠం తరగతిలో ఎక్కువమందికి అందే స్థాయిలో ఉంటుంది, వెనకబడ్డవాళ్లని కూడా వెంటబెట్టుకునే పోతుంది. తెలంగాణ 2022లో మొదలుపెట్టిన తొలిమెట్టు, అంటే ప్రాథమిక తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు గట్టిగా నేర్పే కార్యక్రమం, ఈ దిశలో పడిన అడుగే. అది ఎంత నేర్పిందన్నది బయటివాళ్లు కొలిస్తే తప్ప తెలియదు.

ఇక్కడ తెలుగు తల్లిదండ్రులు చాలాకాలంగా ఒక సొంత జవాబు ఎంచుకుని ఉన్నారు: ప్రైవేటు బడి. యంగ్ లైవ్స్ పిల్లల్లోనే ఎనిమిదేళ్ల వయసులో ప్రైవేటు బడికి పోతున్నవాళ్లు 2002లో 24 శాతం ఉంటే, 2009 నాటి ఎనిమిదేళ్ల పిల్లల్లో 44 శాతం. మరి ప్రైవేటు బడిలో ఏడాది విలువ ఎక్కువా? దీనికి మన రాష్ట్రంలోనే ఒక చక్కటి ప్రయోగం జరిగింది. 2008 నుంచి నాలుగేళ్ల పాటు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 180 గ్రామాల్లో సర్కారు బడి పిల్లలకి లాటరీ తీసి, గెలిచినవాళ్లకి ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్లు ఇచ్చారు. లాటరీ కాబట్టి రెండు గుంపుల ఇళ్లూ ఒకేలాంటివి. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే అక్కడ హిందీకి పీరియడ్లు ఎక్కువ, తెలుగుకీ లెక్కలకీ తక్కువ. ప్రైవేటు బడి ఒక్కో పిల్లాడి మీద పెడుతున్న ఖర్చు సర్కారు బడి పెడుతున్నదాంట్లో మూడోవంతు కూడా లేదు.

ఈ ఫలితాన్ని రెండు పక్షాలూ తమకి కావాల్సినట్టు వాడుకున్నారు. చవగ్గా అదే చదువు ఇస్తున్నారని ప్రైవేటు పక్షం, ప్రైవేటుకి పోయినా ఒరిగేదేమీ లేదని సర్కారు పక్షం. వియత్నాంతో పోల్చి చూస్తే ఇంకో సంగతి కనపడుతుంది. ఊళ్లో సర్కారు బడినీ ప్రైవేటు బడినీ పోల్చి తల్లిదండ్రులు టెన్షన్ పడుతున్న తేడా చాలా చిన్నది. రెండూ కలిసి వెనకబడి ఉన్న తేడా పెద్దది. ఆ పెద్ద తేడా ఊళ్లో ఎవరికీ కనపడదు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి పక్కన వియత్నాం బడి లేదు.

మీడియం సంగతి కూడా ఇలాంటిదే. వియత్నాంలో పాఠాలు వియత్నామీస్‌లో, ఫిన్లాండ్‌లో ఫిన్నిష్‌లో చెబుతారు కాబట్టి మాతృభాషే మార్గమని ఒక వాదన. సింగపూర్‌లో ఇళ్లలో మాండరిన్, మలయ్, తమిళం మాట్లాడే పిల్లలకి ఇంగ్లిష్‌లో చెప్పి మొదటి స్థానం తెచ్చుకుంటున్నారు కాబట్టి ఇంగ్లిష్ మీడియమే మేలని ఇంకో వాదన. సింగపూర్‌లో టీచరుకి ఇంగ్లిష్ ధారాళంగా వచ్చు, వీధిలో ఇంగ్లిష్ వినపడుతుంది. ఈ రెండూ లేని ఊళ్లో పుస్తకం మాత్రం ఇంగ్లిష్‌లో ఇస్తే సింగపూర్‌తో పోలికకి అర్థం లేదు. అమ్మానాన్నలు ఇంగ్లిష్ కోరుకోవడంలో తప్పు లేదు. భాషగా ఇంగ్లిష్ బాగా నేర్పడం, అన్ని పాఠాలూ ఇంగ్లిష్‌లో చెప్పడం ఒకటే అన్న నమ్మకంలోనే చిక్కుంది.

ముందు కొలత

వీటన్నిటికీ ముందు తేల్చుకోవాల్సింది, మన పిల్లలకి ఎంత వచ్చో మనకి నిజంగా తెలుసా అని. అభిజీత్ సింగ్ ఇంకో పనిలో మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వం పెట్టిన పరీక్షల మార్కులనీ, అవే ప్రశ్నలతో బయటివాళ్లు వెళ్లి మళ్లీ పెట్టినప్పుడు వచ్చిన మార్కులనీ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రభుత్వ మార్కులు విపరీతంగా ఉబ్బి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కాగితం మీద పెట్టిన పరీక్షకీ, ట్యాబ్ మీద పెట్టిన పరీక్షకీ పోల్చి చూస్తే, ట్యాబ్ మీద ఆ ఉబ్బు బాగా తగ్గింది. పిల్లలు చూచిరాత రాయడం వల్లే ఇలా అయిందని కాదు. బడికి చెడ్డపేరు రాకూడదని పెద్దవాళ్లే సాయం చేస్తారు. పై నుంచి మార్కులు అడిగే వ్యవస్థకి కింద నుంచి మార్కులే వెళ్తాయి.

కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తమ చదువుని బయటి ప్రపంచంతో పోల్చుకోవాలనుకుంటే అందుకు దారి ఉంది. ఢిల్లీ మొత్తం దేశాన్ని పీసాకి పంపేదాకా ఆగక్కర్లేదు. మసాచుసెట్స్ లాగా, 2009 విడతలో తమిళనాడు లాగా, ఒక రాష్ట్రం విడిగా రాయడానికి వీలుంది. కేంద్రం అనుమతి కావాలి, ర్యాంకు చెడ్డదొస్తే అసెంబ్లీలో గొడవ భరించాలి. అయితే పదిహేనేళ్ల పిల్లలతో మొదలుపెట్టడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. తేడా ఎనిమిదేళ్లకే ముదిరిపోతోందని యంగ్ లైవ్స్ ఎప్పుడో చెప్పింది. మూడో తరగతిలో, బడి టీచరు కాకుండా వేరే మనిషి కూర్చోబెట్టి, ఇతర దేశాల్లో వాడిన ప్రశ్నలనే తెలుగులోకి మార్చి పెట్టే నమూనా పరీక్ష చాలు. జిల్లాకి కొన్ని పదుల బడులు సరిపోతాయి. ఫలితం బడి పేరుతో కాకుండా జిల్లా పేరుతో ప్రకటిస్తే మార్కులు ఉబ్బించాల్సిన అవసరం కూడా ఎవరికీ ఉండదు. రెండు మూడేళ్లకోసారి అదే పరీక్ష మళ్లీ పెడితే, తొలిమెట్టు లాంటి కార్యక్రమం వల్ల బడి ఏడాది విలువ పెరిగిందో లేదో శ్రీకాకుళానికీ మహబూబ్‌నగర్‌కీ విడివిడిగా తెలుస్తుంది.